కొండ పడితే వార్త, బండి దిగబడితే అలవాటు: సిరోంచ రోడ్డు కథ



వానాకాలం వచ్చిందంటే టీవీలో ఒకే రకం బొమ్మ. కొండ మీది నుంచి మన్ను, రాళ్లు, చెట్లు కలిసి జారి రోడ్డు మీద పడతాయి. ఇటు వంద బండ్లు, అటు వంద బండ్లు. మధ్యలో జేసీబీలు. మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు అలాంటి వీడియో పెట్టి, "మనకు కొండలు లేవు, బతికిపోయినం" అని రాశాడు. దాని కింద ముప్పై మంది నవ్వు బొమ్మలు పెట్టారు. నేనూ నవ్వాను. తరువాత మనసులో ముల్లులా గుచ్చుకుంది. నిజంగా బతికిపోయామా? ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే కథ 1860 దాకా పోయింది. కొంచెం పొడుగు రాత, ఓపికగా చదవండి.

ముందు ఆ కొండ సంగతి. 2025 ఆగస్టు చివర్లో పడ్డ వానలకు ఉధంపూర్ జిల్లాలో కొండచరియలు జారి జమ్మూ–శ్రీనగర్ జాతీయ రహదారి మూసుకుపోయింది. అది 44వ నంబరు రహదారి. ఆపిల్ కోతల కాలం. లోడు లారీలు బారులు తీరాయి, పండ్లు కుళ్లిపోయాయి. పెద్ద లారీలు మామూలుగా తిరగడానికి వారాలు పట్టింది. దేశమంతా మాట్లాడింది. పత్రికలు రోజూ రాశాయి. ఆపిల్ పెట్టెల కోసం బుద్గాం నుంచి ఢిల్లీకి పార్సిల్ రైలు కూడా నడిపారు.

ఇప్పుడు మన రోడ్డు చూడండి. సాకోలి నుంచి గడ్చిరోలి, ఆష్టి, ఆలాపల్లి మీదుగా సిరోంచకు వచ్చేది 353సీ జాతీయ రహదారి. నిజామాబాద్ నుంచి మంచిర్యాల, చెన్నూరు మీదుగా సిరోంచ దాటి భోపాలపట్నం, జగదల్‌పూర్ పోయేది 63వ నంబరు జాతీయ రహదారి. అంటే మన ఊరు రెండు జాతీయ రహదారుల కూడలి. కాగితం మీద శ్రీనగర్ రోడ్డూ జాతీయ రహదారే, ఆలాపల్లి రోడ్డూ జాతీయ రహదారే. కానీ రేపన్‌పల్లి దగ్గరో, బామణి దగ్గరో లారీ దిగబడి రాత్రంతా ఎస్టీ బస్సు ఆగిపోతే అది ఎవరికి వార్త? మనకే వార్త కాదు. "ఆఁ, వానాకాలం కదా" అంటాం.

కొండ జారడం, రోడ్డు దిగబడడం నిజానికి అక్కాచెల్లెళ్లు. వాలు మీద మన్నూ రాళ్లూ ఒకదాన్ని ఒకటి పట్టుకొని నిలబడతాయి. వాన నీళ్లు లోపలికి దిగినకొద్దీ మన్ను బరువెక్కుతుంది, ఆ పట్టు సడలుతుంది. రోడ్డు కోసం కొండ పాదాన్ని నిలువుగా కోసి ఉంటే ఆసరా కూడా పోతుంది. ఒక రోజు మొత్తం జారుతుంది. మన దగ్గర జారడానికి వాలు తక్కువ. కానీ అదే నీళ్లు, అదే జిగట మన్ను. నీళ్లు పోయే తోవ లేకపోతే రోడ్డు కింది మట్టి మెత్తబడుతుంది, పైన బరువు లారీ పోతే చక్రం దిగుతుంది. ఆ గాడిలో మళ్లీ నీళ్లు నిలుస్తాయి. రెండో లారీ ఇంకా లోతుకు దిగుతుంది. కొండ ఒక్క నిమిషంలో చేసే పని మన రేగడి నాలుగు నెలలు తీరికగా చేస్తుంది. అంతే తేడా.

ఈ మన్ను చరిత్ర కూడా చిన్నది కాదు. ప్రాణహిత ఒడ్డున మన కోట గ్రామం పేరు మీదే భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి రాతి పొరలకు 'కోట ఫార్మేషన్' అని పేరు పెట్టుకున్నారు. సున్నపురాయి, ఇసుకరాయి, బంకమన్ను కలిసిన పొరలు అవి. పోచంపల్లి దగ్గర తవ్వితే బయటపడ్డ పెద్ద రాక్షసబల్లి ఎముకలు కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టి ఉన్నాయి. దాని పేరు బారాపాసారస్. కోట్ల ఏళ్ల కిందటి ఎముకల్ని కూడా పట్టుకొని ఉంచిన నేల ఇది. లారీ చక్రాన్ని పట్టుకోవడం దీనికి ఒక లెక్కా!

అయితే మన్నుదే తప్పంటే నేను ఒప్పుకోను. రేగడి భూములు దేశంలో ఎన్ని లేవు? అక్కడ రోడ్లు లేవా? మన రోడ్డు ఇలా ఎందుకు ఉందో తెలియాలంటే, రోడ్డు ఎవరి కోసం వేశారో అడగాలి.

సిరోంచ తాలూకాకు పడమర ప్రాణహిత, దక్షిణం గోదావరి, తూర్పు ఇంద్రావతి. మూడు దిక్కులా నదులు, నాలుగో దిక్కు అడవి. ఇది చూసి అందరూ "మూల ఊరు" అంటారు. కానీ ఒకప్పుడు ఈ మూలనే నడిమి అనుకున్నవాళ్లు ఉన్నారు.

1860లో నిజాం ప్రభుత్వానికి, ఇంగ్లీషువాళ్లకు మధ్య ఒప్పందం జరిగింది. గోదావరి, ప్రాణహితల ఎడమ ఒడ్డు తాలూకాలను నిజాం వాళ్లకు వదిలేశాడు. సిరోంచ, నూగూరు, ఆల్బాక, చర్ల, భద్రాచలం, రేకపల్లి అందులోవే. ఆ నది మీద రవాణాకు సుంకాలు ఉండకూడదని కూడా అందులో రాసుకున్నారు. అడవి మీద ప్రేమతో కాదు, నీటి దారి కోసం. అంతకుముందే ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్, గోదావరిని పడవల రహదారి చేయాలని పట్టుబట్టాడు. వార్ధా, హింగన్‌ఘాట్ పత్తిని నది మీదుగా సముద్రానికి చేర్చాలని ఆలోచన. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయేసరికి మాంచెస్టర్ మిల్లులవాళ్లు ఈ దారి కోసం ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

నదిలో మూడు చోట్ల రాళ్ల అడ్డంకులు ఉండేవి. మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇంద్రావతి కలిసేచోటికి దగ్గర్లో ఇచ్చంపల్లి, మూడోది పైన ప్రాణహితలో దేవలమర్రి. వాటిని దాటడానికి ఆనకట్టలు, కాలువలు, లాకులు మొదలుపెట్టారు. హేగ్ అనే ఇంజనీరు చూసుకునేవాడు. అప్పర్ గోదావరి అని ఒక జిల్లానే ఏర్పడింది. ఆ జిల్లాకు ముఖ్యపట్నం ఏదో తెలుసా? సిరోంచ. భద్రాచలం వాళ్లు కచేరీ పనికి సిరోంచకు రావలసిన రోజులవి. అప్పటి డిప్యూటీ కమిషనర్ గ్లాస్‌ఫర్డ్. మన తాలూకాలో గ్లాస్‌ఫర్డ్‌పేట అనే ఊరి పేరు వింటే ఇక ముందు ఆ కాలం గుర్తు చేసుకోండి.

తరువాత ఏమైంది? 1867లో బొంబాయి నుంచి రైలు నాగ్‌పూర్‌కు చేరింది. పత్తికి ఇంకో తోవ దొరికింది. అంతే. నది రాళ్లు అవే, జ్వరాలు అవే, ఖర్చు అదే. కానీ ఇప్పుడు ఆ ఖర్చు బరువనిపించింది. 1871లో పనులు ఆపేశారు. 1874లో జిల్లానే తీసేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు పోయాయి. మిగిలింది సిరోంచ తహసీలుగా చాందా జిల్లాలో కలిపారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నూగూరు, చర్ల, ఆల్బాక కూడా మద్రాసుకు పోయాయి. పద్నాలుగేళ్లలో మన ఊరు జిల్లా కేంద్రమైంది, మళ్లీ జిల్లా చివరి ఊరైంది. ఊరు కదలలేదు. నది కదలలేదు. పత్తి మూటలు పోయే తోవ మారింది, అంతే.

నా ఉద్దేశంలో ఈ కథ మొత్తానికి తాళంచెవి ఇక్కడే ఉంది. దారిని బాగుచేసేది దాని మీద ఉన్న ఊరు కాదు, దాని చివర ఎదురుచూసేవాడు. మాంచెస్టర్ ఎదురుచూసినన్నాళ్లు సిరోంచకు ఇంజనీర్లు వచ్చారు. ఢిల్లీ బజారు ఆపిల్ కోసం ఎదురుచూస్తే కొండను వారాల్లో తొలగించారు.

1874 తర్వాత మన సర్కారు దిక్కు ఉత్తరం అయింది, అడవి మీదుగా చాందా. ఆ అడవి తోవ ఎందుకు పెరిగింది? ఆలాపల్లి టేకు కోసం. దుంగలు ఎండాకాలంలో లాగుతారు. వానాకాలం తోవ లేకపోయినా కలపకు నష్టం లేదు. వానాకాలం నష్టం మనుషులకే. 1956లో చాందా జిల్లా మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రంలోకి, 1960 మే 1న మహారాష్ట్రలోకి వచ్చింది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా అయింది. జిల్లా దగ్గరైందని సంతోషించాం. నిజమే, దగ్గరైంది. అయినా సిరోంచ నుంచి సుమారు రెండు వందల కిలోమీటర్లు. అందులో ఆలాపల్లి దాకా ఉన్న వంద కిలోమీటర్లే మన పరీక్ష.

మరి మన జనం దిక్కు? అది ఎప్పుడూ నది అవతలే. పిల్లనిచ్చింది అవతల, తెచ్చుకున్నది అవతల. కాళేశ్వరం జాతర, మహదేవ్‌పూర్ బేరం, చెన్నూరు అంగడి, మంచిర్యాల రైలు. మాట తెలుగు, బడి మరాఠీ. సర్కారు ఉత్తరం చూస్తుంది, చుట్టరికం దక్షిణం చూస్తుంది. ఉత్తరాన బురద, దక్షిణాన నది. నాలుగు నెలలు రెండూ బంద్.

మా చిన్నప్పుడు మృగశిర కార్తె రాకముందే ఇంట్లో ఉప్పు, కిరోసిన్, బియ్యం, మందుగోలీలు నిలవ పెట్టేవాళ్లు. అమ్మ ఉప్పు కుండకు గుడ్డ కట్టేదంటే మాకు వాన లెక్క తెలిసేది. ఒక సంవత్సరం మా మేనత్తకు నెలలు నిండాయి. రాత్రి నొప్పులు మొదలయ్యాయి. నది నిండుగా ఉంది, పడవ అతను తాడు విప్పనన్నాడు. అతని తప్పు లేదు. ఉత్తరం తోవ పట్టారు. నడిమి అడవిలో డ్రైవర్ బండి ఆపి, "అన్నా, ముందట మూడు లారీలు దిగబడ్డయ్. ఇగ తెల్లారేదాక ఇక్కడ్నే" అన్నాడట. మేనత్త బతికింది. బిడ్డ బతకలేదు. ఆ పిల్లకు పేరు కూడా పెట్టలేదు. మా ఇంట్లో వాన పడితే ఇప్పటికీ ఎవరో ఒకరు ఆ మాట తీస్తారు. ఏ పత్రికలోనూ రాలేదు. రోడ్డు ఎంతసేపు మూసుకుపోయిందో ఎవరూ రాసుకోలేదు.

2016లో కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన వచ్చింది. తరువాత ప్రాణహిత మీద చెన్నూరు వైపు వంతెన వచ్చింది. దాని విలువ నగరంలో ఉన్నవాళ్లకు చెప్పినా అర్థం కాదు. వరంగల్, మంచిర్యాల ఆసుపత్రులు రాత్రిపూట కూడా అందుబాటులోకి వచ్చాయి. 2022 ఏప్రిల్ 13 నుంచి 24 దాకా జరిగిన ప్రాణహిత పుష్కరాలకు లక్షల మంది ఇటూ అటూ నడిచారు. ఆ పన్నెండు రోజుల ముందు రోడ్ల గుంతలు పూడ్చారు, మొరం పోశారు, దీపాలు పెట్టారు. నేను ఆక్షేపించడం లేదు, సంతోషమే. ఎదురుచూసేవాడు ఉంటే పని ఎంత తొందరగా అవుతుందో మన కళ్లతో చూశాం, అదే చెబుతున్నాను.

అదే ఏడాది జులైలో వరద వచ్చింది. 16వ తేదీన భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు చూడలేదు. మన ఒడ్డు ఊళ్లు ఖాళీ చేయించారు. పత్తి చేలు బురద కింద పోయాయి. వాగులు పొంగి ఆలాపల్లి తోవ తెగిపోయింది. భామ్రాగఢ్ వాళ్లకైతే ఇది ఏటా ఉన్నదే, పర్లకోట నది వంతెన మీదికి రాగానే ఊరు ద్వీపమైపోతుంది.

మేడిగడ్డ సంగతి కూడా చెప్పాలి. 2016 మే 2న శంకుస్థాపన, 2019 జూన్ 21న ప్రారంభం. 85 గేట్ల బ్యారేజీ, ఒక చివర అంబట్‌పల్లి, ఇంకో చివర మన పోచంపల్లి. దాని మీద తోవ వచ్చిందని మన రైతులు వాడుకున్నారు. 2023 అక్టోబర్ 21న పిల్లర్లు కుంగాయి, తోవ బంద్. కొండ లేదు, వాన లేదు, అయినా రోడ్డు మూసుకుపోయింది. పునాది కింద ఇసుక నిలవకపోతే కాంక్రీటు కూడా జారుతుంది. మూడు రాష్ట్రాల అంచున ఉన్నవాడికి ఎవరి కట్టడం కుంగినా నష్టం తనదే.

ఇక్కడ న్యాయంగా ఇంకో పక్క మాట కూడా చెప్పాలి. ఆలాపల్లి రోడ్డు బాగుచేయడం సులువు కాదు. అడవి భూమిలో రోడ్డు వెడల్పు చేయాలంటే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. ఆ చట్టం చెడ్డదని నేను అనను. ఆ అడవి లేకపోతే మన్ను ఇంకా ఎక్కువ కొట్టుకొస్తుంది. 1980 నుంచి ఈ అడవిలో తుపాకుల నీడ ఉంది, జిల్లాలో రోడ్డు యంత్రాలు తగలబడ్డాయి, కూలీలు రావడానికి భయపడ్డారు. నాలుగు నెలల వానలో పని జరగదు. ఇవన్నీ నిజాలే. కానీ కాశ్మీర్ కొండకూ అడవి ఉంది, తుపాకి ఉంది, మంచు ఉంది. అక్కడ కష్టం ఉంది కాబట్టి యంత్రాలు ముందే సిద్ధంగా పెడతారు. ఇక్కడ కష్టం ఉంది కాబట్టి ఆగమంటారు. అదే కారణం, రెండు రకాల జవాబు.

కాబట్టి ఆ తమ్ముడి మాటకు నా జవాబు ఇది. కొండలు లేవు కాబట్టి బతికిపోలేదు తమ్మీ. కొండ పడితే లోకం లెక్కపెడుతుంది. మన్ను పడితే మనమే లెక్కపెట్టలేదు.

ఈ వానాకాలానికి సంఘానికి నాదొక విన్నపం. చందా అడగడం లేదు. ఒక నోటుబుక్కు అడుగుతున్నాను. రోడ్డు ఆగిన ప్రతిసారీ ఐదు సంగతులు రాద్దాం: తేదీ, చోటు, ఎన్ని గంటలకు ఆగింది, ఎన్ని గంటలకు తెరిచారు, ఆగినవాళ్లలో రోగులు, గర్భిణులు, పరీక్షకు పోయే పిల్లలు ఎవరైనా ఉన్నారా. పేర్లు వద్దు, లెక్క చాలు. ఫొటో తీస్తే దగ్గరి కిలోమీటరు రాయి కనబడేలా తీయండి. ఆసరెల్లి, అంకీసా వైపు ఒకరు, బామణి, జిమల్‌గట్ట వైపు ఒకరు, పట్టణంలో ఒకరు బాధ్యత తీసుకుంటే చాలు.

రెండో సంగతి భాష. మనం గ్రూపులో తెలుగులో తిట్టుకుంటాం. తహసీల్ కచేరీలో తెలుగు కాగితం కదలదు. మన పిల్లలు మరాఠీ మీడియంలో చదివారు, మనకంటే బాగా రాస్తారు. దసరా తర్వాత ఆ నోటుబుక్కు లెక్కను వాళ్ల చేత మరాఠీలో రాయించి జిల్లా కలెక్టర్‌కు, జాతీయ రహదారుల విభాగానికి ఇద్దాం. తెలుగులో రాసి అవతలి ఒడ్డు ప్రజాప్రతినిధులకు ఇద్దాం. అడిగేది పెద్దదేమీ కాదు. వానలకు ముందే ఎక్కువగా దిగబడే చోట్ల మొరం, ఒక జేసీబీ సిద్ధంగా పెట్టడం, పక్క కాలువలు తీయడం, కల్వర్టు మోరీలు శుభ్రం చేయడం. నీళ్లకు తోవ ఇస్తే మన్ను మనకు తోవ ఇస్తుంది.

1871లో పని ఆపేసినప్పుడు సిరోంచవాళ్లను ఎవరూ అడగలేదు. అడిగేందుకు వాళ్ల దగ్గర కాగితమూ లేదు, భాషా లేదు. మనకు రెండూ ఉన్నాయి. రోడ్డు చివర ఎదురుచూసేవాడు లేడని నూట యాభై ఏళ్లుగా అనుకుంటున్నారు. ఎదురుచూసేది మనమే అని రాసి చూపిద్దాం.

మా ఇంటి నోటుబుక్కులో మొదటి పేజీ నేను రాసేశాను. తేదీ సరిగ్గా లేదు, గంటలు లేవు. "నడిమి అడవి, మూడు లారీలు, తెల్లారేదాక" అని మాత్రం రాశాను. రెండో పేజీ నుంచి మీరు రాయండి.